ఆరు పేర్లు, ఒకే వరస

"మరి కబుంగాన్ వాళ్ళకెంత ఇచ్చారే ఇందాయ్?" అని మానా పురింగ్ అడక్కపోతే మారివెల్ ఆ కాగితం మడత మళ్ళీ విప్పేదే కాదు. అప్పటికే ఒకసారి చదివి వినిపించింది, తమ గుతుసాన్ దీవికి ఏమేం వస్తున్నాయో: పాల డబ్బాలు ఆరు, బీపీ మాత్రల అట్టలు పద్దెనిమిది, ఓఆర్‌ఎస్ పొట్లాలు నలభై, ఇన్సులిన్ సున్నా. పురింగ్ ఒళ్ళోని సంచీలోంచి మెడ బయటపెట్టిన కోడిపెట్ట కూడా విన్నట్టే ఉంది. కానీ మన వాటా మనకి తెలిస్తే సగం తృప్తే, పక్కవాడి వాటా కూడా తెలిస్తే కదా మిగతా సగం. ఆ దీవిలో పుట్టిన మనిషే కాబట్టి మారివెల్‌కి ఆ సంగతి తెలుసు, తెలిసే నవ్వుకుంటూ విప్పింది. పడవ నడుం దాకా బియ్యం బస్తాలు, వాటి మీద నీలం పట్టా, పట్టా మీద మందుల అట్టపెట్టె, వెనక ఇంజను దగ్గర పడవ నడిపే మానో డెల్ఫిన్, తుఫాను వెళ్ళిన తొమ్మిదో రోజు ఎండ. ఆ దీవుల్లో పెద్దవాళ్ళని మానో, మానా అంటారు, అన్న, అక్క అన్నట్టు, చిన్నదాన్ని ఇందాయ్ అంటారు. పట్టికలో మొదటి దీవి, కబుంగాన్ పేరు మీద వేలు పెట్టి చదివింది. ఆరు, పద్దెనిమిది, నలభై, సున్నా. "అదీ! అందరికీ సమానం. ఇన్నాళ్ళకి న్యాయంగా పంచే మనిషి దొరికింది ఆ గోదాముకి. అందుకే అంటాను, చదువుకున్న ఆడపిల్ల చేతిలో పెడితే ఇల్లయినా ఊరయినా..." అని పురింగ్ ఇంకా ఏదో అంటూనే ఉంది.

మారివెల్ వేలు మాత్రం కిందికి జారింది. రెండో పేరు, ఆరు, పద్దెనిమిది. మూడో పేరు, ఆరు, పద్దెనిమిది. నాలుగు. ఐదు. ఆరోది గుతుసాన్, తన ఊరు, ఆరు, పద్దెనిమిది, నలభై, సున్నా. ప్రింటరు తప్పయి ఉంటుంది, పాత ప్రింటరు, తడిసిన కాగితం, అనుకుంది ముందు. అలా అనుకోవడానికి పట్టినంత సేపు కూడా ఆ నమ్మకం నిలబడలేదు. ప్రింటరు అక్షరాలు మింగుతుంది గానీ అంకెలు కల్పించదు. పొద్దున గోదాములో కంప్యూటరు తెర మీద తన కళ్ళతో చూసింది కదా, కబుంగాన్: తొమ్మిది, ఇరవై రెండు, యాభై ఐదు, మూడు. ఆ మూడుని చూసింది. ఇన్సులిన్ మూడు. నిన్న చేత్తో వేసిన లెక్క పక్కన పెట్టుకుని, ఒక్కో వరసా తెర మీదికి వచ్చినప్పుడల్లా టిక్కు పెట్టుకుంటూ ఆరూ సరిచూసింది, ఆరూ సరిపోయాయి. సరిపోయాక గదిలో ఉన్న నలుగురూ చప్పట్లు కొట్టారు. ఎనిమిది రోజులు, రోజుకి సగం పూట కూర్చుని చేత్తో చేసిన పని, ఆమె రాసిన ప్రోగ్రాముతో కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయిందని కొట్టారు. తెర మీద మూడు ఉంది. కాగితంలో సున్నా ఉంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడ పోయాయి ఆ మూడు సీసాలు?

పడవ ఎగిరి పడింది. నీళ్ళ తుంపర కాగితం మీద పడితే చీర చెంగుతో తుడుస్తారు మన దగ్గరైతే, ఆమె చొక్కా అంచుతో అద్దింది, అంకెలు చెదరకుండా, చెదిరితే బాగుండునని కూడా అనిపించింది ఒక క్షణం. ఎలా మొదలుపెట్టావు, మొదటినుంచీ రా, అని తనని తాను అడిగింది, పరీక్షలో జవాబు తేలనప్పుడు బెర్నాబే సార్ అడిగినట్టు. మొదట రెండు పట్టికలు. ఒకటి మనుషుల పట్టిక: దీవికో వరస, వరసలో ఎంతమంది చంటిపిల్లలు, ఎంతమంది బీపీ ఉన్నవాళ్ళు, ఎంతమంది విరేచనాలతో పడున్నవాళ్ళు, ఎంతమంది చక్కెర జబ్బువాళ్ళు. రెండోది అవసరాల పట్టిక: చంటిపిల్లకి ఎన్ని డబ్బాలు, చక్కెర మనిషికి ఎన్ని సీసాలు. పెద్ద లిస్టు లోపల చిన్న లిస్టులు, పెట్టెలో సర్దిన పెట్టెల్లాగా. మొదటి పట్టికలో వరస, రెండో పట్టికలో నిలువు, జతకి జత గుణించి కూడితే ఒక గడి నిండుతుంది. కాలేజీలో దీన్ని వేళ్ళతో నేర్పాడు సార్: ఎడమ వేలు అడ్డంగా నడుస్తుంది, కుడి వేలు కిందికి దిగుతుంది, రెండూ ఒకేసారి అడుగు వేయాలి, ఒకటి ముందు పోతే పప్పులో కాలేసినట్టే. ఇప్పుడు కూడా ఆ వేళ్ళు తొడ మీద వాటంతటవే కదిలాయి, ఎడమది అడ్డంగా, కుడిది కిందికి. అక్కడ తప్పు లేదు. తెర మీద సరిగ్గా వచ్చిందంటే గుణకారంలో తప్పు లేదు. మరి జవాబులు పెట్టుకోవడానికి మూడో పట్టిక ఒకటి కావాలి కదా, ముందుగా అన్నీ సున్నాలతో, ఖాళీగా. అది ఎలా చేశావు?

ఒక సున్నాల వరస రాశాను. దాన్ని ఆరుతో గుణించాను.

అయ్యో, అంది పైకే. పురింగ్ "ఏంటే?" అంటే "ఏం లేదు మానా, నీళ్ళు" అంది. ఒకే ఒక్క లైను, పొదుపుగా, ముచ్చటగా ఉంటుంది, టైపు చేసేటప్పుడు వేళ్ళకి హాయిగా ఉంటుంది. కానీ ఆరుతో గుణిస్తే యంత్రం ఆరు వరసలు చెయ్యదు. ఉన్న ఒక్క వరసకే ఆరు పేర్లు తగిలించి ఊరుకుంటుంది. కబుంగాన్ అని పిలిచినా అదే పలుకుతుంది, గుతుసాన్ అని పిలిచినా అదే పలుకుతుంది. కబుంగాన్ లెక్క కట్టి అందులో రాసింది, రాయగానే తెర మీద చూపించింది, నేను టిక్కు పెట్టాను. తర్వాత రెండో దీవి లెక్క కట్టి దాని మీదే రాసింది, చూపించింది, మళ్ళీ టిక్కు. చూపించినప్పుడు ప్రతిదీ నిజమే. చూపించాక ప్రతిదీ చెరిగిపోయింది. చివరికి మిగిలింది చివర రాసింది ఒక్కటే, అదే ఆరుసార్లు కాగితం మీదికి దిగింది. కాగితం నేను చదవలేదు. చప్పట్లు కొడుతుంటే కాగితం ఎవడు చదువుతాడు?

ఈ తప్పు ఆమెకి తెలియనిది కాదు, అదీ ఏడుపు. రెండో ఏడు చదివేటప్పుడు తరగతి తరగతంతా ఇదే తప్పు చేస్తే, సార్ సుద్దముక్క కింద పడేసి పగలబడి నవ్వాడు. "ఒరేయ్, ఇంట్లో ఉన్నది ఒక్క కంచం, దాని అంచు చుట్టూ పిల్లలందరి పేర్లు రాసుకుని కంచాలెన్నో ఉన్నాయనుకుంటున్నారు మీరు. ప్రతి పిల్లాడికీ విడిగా కంచం కొనండ్రా, ఒక్కోటి విడిగా చెయ్యండి!" అన్నాడు. ఆ రోజు తప్పు చెయ్యనిది మారివెల్ ఒక్కతే. చెయ్యకపోవడానికి కారణం తెలివి కాదు, ఒకే కంచంలో తినడమంటే ఏమిటో ఆమెకి తెలుసు. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఆరుగురు పిల్లలకి ఒకటే బేసిన్. అన్నం వెయ్యగానే వేలితో గీతలు గీసుకునేవాళ్ళు, ఇది నాది, ఇది నీది అని. అమ్మ పైనుంచి చేపల పులుసు పోసేసరికి గీతలన్నీ పోయేవి, ఎవడి చెయ్యి పెద్దదైతే వాడికి ఎక్కువ. అప్పుడు గర్వంగా ముందు బెంచీలో కూర్చుని, విడివిడిగా ఆరు కంచాలు చేసి చూపించిన పిల్ల, ఇవాళ పొద్దున తొందరలో, చప్పట్ల ఆశలో, ఆరుతో గుణించి పారేసింది. తెలియక చేసిన తప్పుకి తల దించుకోవచ్చు, తెలిసి చేసినదానికి తల ఎక్కడ పెట్టుకోవాలో.

"నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి," అన్నాడు డెల్ఫిన్ వెనకనుంచి, ఎవరితోనూ కాకుండా. పడవ నడిపేవాళ్ళు సముద్రంతోనే మాట్లాడతారు, మనం వింటే వింటాం. "గెడ దాటి లోపలికి పోతే ఇక రేపు పొద్దున పోటు వచ్చేదాకా బయటికి రాదు ఈ పడవ. మారివెల్, రాత్రికి మీ ఇంట్లో అన్నం నాకూ కలిపి వండమను." గుతుసాన్ చుట్టూ పగడపు దిబ్బ, మధ్యలో సన్నటి దారి, దారి మొదట్లో పాతిన వెదురు గెడ. ఆ గెడ ఇంకా కనపడలేదు. దీవి కనపడింది, తల లేని కొబ్బరిచెట్లతో, దువ్వెన పళ్ళు విరిగినట్టు. దువ్వెన అనుకోగానే కూతురు బింగ్‌బింగ్ జుట్టు గుర్తొచ్చింది, ఐదేళ్ళ పిల్ల, ఎవరు దువ్వుతున్నారో ఏమో ఈ తొమ్మిది రోజులూ, వాళ్ళ నాన్నకి జడ వెయ్యడం రాదు. 'పిల్ల బాగుంది, ఇంటికి కప్పు లేదు' అని నాలుగో రోజున డెల్ఫిన్‌తోనే కబురంపాడు మొగుడు. ఆ నాలుగు మాటలూ పట్టుకుని ఐదు రోజులు బతికింది. ఈ పడవలో చోటు దొరికిందంటే కూడా చప్పట్ల పుణ్యమే, "పని అయిపోయిందిగా, వెళ్ళి పిల్లని చూసుకుని రా" అన్నారు. పని అయిపోయిందట.

చక్కెర జబ్బువాళ్ళు మూడు దీవుల్లో కలిపి ఏడుగురు. గుతుసాన్‌లో ఒక్కరూ లేరు, అందుకే ఆ చివరి సున్నా. ఏడుగురిలో ఆరుగురు పెద్దవాళ్ళు, ఒకటి రెండు రోజులు పస్తులుండో మరొకటో నెట్టుకొస్తారు. ఐరా మే నెట్టుకురాలేదు. కబుంగాన్ పిల్ల, పన్నెండేళ్ళు, పుల్లలాంటి చేతులు. ఆ దీవి లెక్క రాయడానికి మారివెల్ తనే వెళ్ళింది, ఏడో రోజున. బడి గోడకి ఆనుకుని కూర్చునుంది ఆ పిల్ల, ఒళ్ళో మూతపెట్టిన మట్టికుండ, కుండలో తడి ఇసక, ఇసకలో సీసా. "ఐసు లేదు కదా మేడమ్, ఇలా అయితే చల్లగా ఉంటుందని మా అమ్మ చెప్పింది. రోజుకి నాలుగుసార్లు నీళ్ళు పోస్తాను" అంది, మొక్కకి పోస్తున్నంత బాధ్యతగా. మారివెల్ నోటుబుక్కులో రాసుకుంటూ ఉంటే తలెత్తి చూసి, "నా పేరు కూడా రాస్తున్నారా, అంకె ఒక్కటేనా?" అని అడిగింది. పేరు కూడా రాస్తున్నాను, అని చూపించింది. ఐరా మే, పన్నెండు, ఇన్సులిన్, మొన్న సోమవారం ఇచ్చింది గురువారం పొద్దుటిదాకా వస్తుంది. ఇవాళ గురువారం. పొద్దుటి సూది అయిపోయి ఉంటుంది. కుండలో ఖాళీ సీసా ఉంటుంది, దాని మీద కూడా నీళ్ళు పోస్తూ ఉంటుందేమో. కబుంగాన్ పడవ పదింటికల్లా చేరి ఉంటుంది. అట్టపెట్టె విప్పి ఉంటారు. టవర్లు కూలిపోయాయి, ఫోన్లు లేవు, అడగడానికి మార్గం లేదు. అసలు అడుగుతారా? కాగితంలో సున్నా ఉంటే పట్నంలోనే లేదు కాబోలనుకుంటారు. మా వాళ్ళు అంతే, కాగితం మీద రాసి ఉంటే వానని కూడా నమ్ముతారు. ఆ తల్లి ఏమీ అనదు. పిల్ల కూడా ఏమీ అనదు. సాయంత్రానికి దాహం దాహం అంటుంది, తెల్లారేసరికి వాంతులు, ఆ తర్వాత ఊపిరి ఎగదన్నడం. ఆ తర్వాత సంగతి ఆలోచించకుండా కాగితం గట్టిగా మడిచింది. మడిచినా సున్నా సున్నాయే.

కాగితం మీది సున్నాని ఎవరూ అడగలేదా? అడిగారు. గుండెలో ఇంతసేపూ దేన్నయితే దాటవేస్తూ వచ్చిందో అది ఇప్పుడొచ్చి ఎదురుగా కూర్చుంది. గోదాములో మానో తీబో, అరవై దాటిన మనిషి, పెట్టెలు సర్దేవాడు, చదువు రాదు గానీ చెయ్యి కుదురు, గోదాము స్తంభం మీద బొగ్గుతో గీతలు గీసుకుని ఏ దీవికి ఏం పోయిందో గుర్తుపెట్టుకునేవాడు. పొద్దున కబుంగాన్ పెట్టె కడుతూ, కట్టడం ఆపి, "ఇందాయ్, ఇవాళ కబుంగాన్‌కి సూదిమందు ఐసుపెట్టె వద్దా? సోమవారం పోయింది కదా?" అన్నాడు. ఆమె తలెత్తలేదు. ఫైలుకి పేరు పెడుతోంది. "కాగితంలో ఉందా?" అంది. "సున్నా అని చదివాడు మా కుర్రాడు." "అయితే వద్దనే అర్థం. యంత్రం మనలాగా మర్చిపోదు మానో. ఉన్నది ఉన్నట్టు కట్టెయ్." ముసలాయన స్తంభం వైపోసారి, ఆమె వైపోసారి చూశాడు. "నా స్తంభం కూడా మర్చిపోదమ్మా," అన్నాడు మెల్లిగా. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో ఏమిటి, తనే. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని తొమ్మిదో రోజుకే మొదలుపెట్టింది, నాలుగో కాలు చూపించిన మనిషిని చూసి నవ్వింది. ఆయన ముడి బిగించాడు. పెద్దవాడి చేత నోరు మూయించడం ఎంత తేలికో ఆమెకి ఇవాళే తెలిసింది. ఆ తర్వాత చెయ్యి కడుక్కుని అందరికీ కాఫీ పోసింది కూడా, ఆయనకే ముందు, మర్యాదగా.

మర్యాద అంటే గుర్తొచ్చింది, వరసలో గుతుసాన్‌ని చివర ఎందుకు పెట్టింది? అక్షరాల వరస కాదు, దూరం వరస కాదు. తన ఊరు కాబట్టి. వడ్డించే చెయ్యి తన కంచం చివర చూసుకోవాలని ఇంట్లో నేర్పిన బుద్ధి. నలుగురి ముందు పట్టిక తయారుచేస్తూ సొంత ఊరు పైన పెడితే 'చూశావా, ముందు తనవాళ్ళకి' అంటారని భయం, సిగ్గు. చివర పెట్టింది. చివర ఉన్నది మిగతా ఐదింటినీ మింగేసింది. ఆరు దీవుల్లోనూ ఇవాళ సరిగ్గా అందబోయేది ఒక్క గుతుసాన్‌కే, పాలు సరిగ్గా, మాత్రలు సరిగ్గా, లేనివాళ్ళ పేరు మీద సున్నా కూడా సరిగ్గా. రేపు ఇది బయటపడితే ఎవరేమంటారో వినక్కర్లేదు. 'అందరికీ గండికొట్టి తన ఊరికి మాత్రం లెక్క తప్పకుండా పంపుకుంది, పైగా తనే పడవెక్కి వెంట వెళ్ళింది.' ఏ మాట పడకూడదని చివర నిలబడిందో ఆ మాటే పడుతుంది.

"అదిగో గెడ," అంది పురింగ్, కోడి తల సంచీలోకి నొక్కుతూ. "మనవలు ఒడ్డు మీదే ఉండుంటారు. ఇంజను చప్పుడు వింటే చాలు, పరిగెత్తుకొచ్చేస్తారు వెధవలు. మూడు రోజులనుంచి ఉడకబెట్టిన పచ్చి అరటికాయలేనే తల్లీ. బియ్యం చూస్తే బస్తా చింపేస్తారు."

గెడ ఇంకా వేలంత ఉంది. గెడ దాటేలోగా, అనుకుంది మారివెల్. దాటితే ఈ పడవ రేపటిదాకా కదలదు. గుతుసాన్‌లో వేరే పడవ లేదు, ఉన్న తొమ్మిదీ తుఫానుకి ముక్కలైపోయాయి. ఇప్పుడు తిరిగితే రెండున్నరకి గోదాము, ఐసుపెట్టె ఎక్కించుకుని అదే పడవలో కబుంగాన్, చీకటి పడేలోగా చేరొచ్చు, మిగతా రెండు దీవులకి ఇంకో పడవ చూడొచ్చు. తిరిగితే ఈ బియ్యం కూడా తిరుగుతాయి. ఒడ్డున ఉన్న అరటికాయ కడుపులు ఇంకో రోజు ఆగాలి. బింగ్‌బింగ్ ఆగాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గానీ ఇక్కడ నుయ్యి నుయ్యే, గొయ్యి గొయ్యే, రెండూ ఒకే లోతు కాదు, ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆకలి ఒక రోజు ఆగుతుంది. ఆ పిల్ల రక్తం ఆగదు. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. మరి ఇంతసేపూ ఆలోచిస్తున్నది దేన్ని? తిరగాలా వద్దా అని కాదు. ఏం చెప్పి తిరగాలా అని.

ఎందుకంటే చెప్పడానికి ఒక మాట సిద్ధంగా ఉంది. ఎప్పుడు వచ్చి నాలుక మీద కూర్చుందో తెలియదు, చక్కగా, పొందిగ్గా ఉంది. 'మానో తీబో ఐసుపెట్టె ఎక్కించడం మర్చిపోయాడు.' అంతే. ఎవరూ రెండోసారి అడగరు. తీబో ముసలాడు, సాయంత్రమైతే కల్లు తాగుతాడు, చదువు రాదు. పురింగ్ 'వాడా, వాడి సంగతి నాకు తెలియదా' అంటుంది, రేపటికి ఆరు దీవులూ అదే అంటాయి. తీబో కూడా కాదనడు, అది ఇంకా దారుణం. పెద్దమనిషి తల వంచుకుని, స్తంభం మీద గీతలు తడిగుడ్డతో తుడిచేసుకుంటాడు. చప్పట్లు కొట్టినవాళ్ళు చప్పట్లు వెనక్కి తీసుకోనక్కర్లేదు. మేడమ్ కంప్యూటర్ అని పెట్టిన ముద్దుపేరు పోదు. పొద్దుటి ఫైలు తీసి ఆ ఒక్క లైను మార్చి, ఆరు వరసలూ విడివిడిగా చేసి, ఎవరికీ తెలియకుండా మళ్ళీ అచ్చు తియ్యొచ్చు. తీబో పేరు మీద నా తప్పు, ఒక కంచం మీద ఇంకో పేరు, ఏం, ఇప్పటికే ఆరున్నాయి, ఏడోది బరువా? అనుకుంటూ ఉండగానే ఆయన పొద్దున కాఫీ కప్పు రెండు చేతులతో అందుకున్న తీరు గుర్తొచ్చింది. గెడ చేతి కర్రంత అయింది. దాని మీద ఎవరో కట్టిన గుర్తు గుడ్డ కూడా కనిపిస్తోంది.

"మానో, తిప్పండి," అంది. ఇంజను హోరులో వినపడలేదు. లేచి నిలబడింది, పడవ ఒరిగింది, తేలడానికి రెండు పక్కలా కట్టిన వెదుళ్ళలో ఒకటి నీళ్ళలో మునిగింది. "మానో డెల్ఫిన్! తిప్పండి పడవ, వెనక్కి!"

డెల్ఫిన్ ఇంజను తగ్గించాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైతే పడవ కింద నీళ్ళ చప్పుడు వినిపించింది. "ఏం మర్చిపోయావు?"

"మర్చిపోలేదు. తప్పు చేశాను. కబుంగాన్ పిల్లకి ఇన్సులిన్ పోలేదు, ఎవరికీ పోలేదు, గోదాములోనే ఉంది. ఇవాళ్టితో ఆ పిల్ల దగ్గర అయిపోయింది. నా లెక్క తప్పు. ఐసుపెట్టె వద్దా అని మానో తీబో నన్ను అడిగాడు. నేను వినలేదు. అడిగితే నవ్వాను." ఇన్ని మాటలు ఒక్క గుక్కలో వచ్చేశాయి, చివరి రెండూ రావనుకుంది, అవి కూడా వచ్చాయి.

పురింగ్ నోరు తెరిచింది. "ఇప్పుడా చెప్పేది! ఒడ్డు కనపడుతుంటేనా! ఇందాక చదివినప్పుడు తెలీదా నీకు? సమానం సమానం అని నా చేత పొగిడించుకున్నావే, నీ కంప్యూటర్ మొహం మండ! మా పిల్లలు కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నారు అక్కడ, వాళ్ళవి కడుపులు కావా? ఒరేయ్ డెల్ఫిన్, ముందు ఈ బస్తాలు దించు, తర్వాత మీ ఇష్టం..."

"దించేలోగా నీళ్ళు పోయి పడవ దిబ్బ మీద కూర్చుంటుంది మానా," అన్నాడు డెల్ఫిన్. కోపంగా అనలేదు. నీళ్ళ వైపు చూశాడు, గెడ వైపు చూశాడు, మారివెల్ మొహం వైపు మాత్రం చూడలేదు, అది ఆయన చేసిన ఉపకారం. "డీజిలు సరిపోతుంది. కానీ ఇందాయ్, నీ కూతురు..."

"తిప్పండి మానో."

పడవ తిరగడానికి పెద్ద చుట్టు కావాలి, రెండు పక్కలా వెదుళ్ళున్న పడవ ఉన్నచోట తిరగదు. ఆ చుట్టులో గుతుసాన్ ఒడ్డు మొత్తం ఒకసారి కళ్ళముందు నుంచి నెమ్మదిగా పోయింది. మనుషులున్నారు. ఎవరో తెల్లగుడ్డ ఊపుతున్నారు. పెద్దవాళ్ళ మోకాళ్ళ దగ్గర చిన్నచిన్నవి పది పన్నెండు ఉన్నాయి, అందులో ఏది తనదో తెలియలేదు. కళ్ళు చిట్లించి చూసింది, అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఇంత దూరంనుంచి అందరు పిల్లలూ ఒక్కలాగే ఉంటారు. గుడ్డ ఊపడం ఆగిపోయింది. చిన్నవాటిలో ఒకటి విడివడి, పడవ ఎటు పోతే అటు ఒడ్డు వెంబడి పరిగెత్తింది, ఇసక అయిపోయేదాకా పరిగెత్తి, అక్కడ ఆగిపోయింది. ఎవరి పిల్లో. ఎవరి పిల్లయినా సరే ఆ మొహం మీద ఏముండి ఉంటుందో తెలుసు. మారివెల్‌కి ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు, ఆపుకుని ఎవరికి చూపించాలి.

గెడ వెనక్కి పోయింది. తుంపర ఇప్పుడు రెండోవైపు నుంచి కొడుతోంది. పురింగ్ గొణుక్కుంటూనే లేచి, పట్టా అంచు ఇటునుంచి అటు లాగి బస్తాల కింద దోపింది. మళ్ళీ కూర్చుని, కోడిని సర్దుకుని, సముద్రం వైపు చూస్తూ అడిగింది. "ఎన్నేళ్ళు ఆ పిల్లకి?"

"పన్నెండు."

"పేరు?"

"ఐరా మే."

మారివెల్ సంచీలోంచి నోటుబుక్కు తీసింది, కాగితం తిరగేసి ఒళ్ళో పరుచుకుంది, ఎగిరిపోకుండా మోకాలితో నొక్కింది. గోదాము చేరేలోగా సరైన లెక్క చేతిలో ఉండాలి, తీబోకి చదివి వినిపించడానికి, ఈసారి ఆయన స్తంభం పక్కన నిలబడి, ఒక్కోటి సరిచూసుకుంటూ. ముందు గీతలు గీసింది, ఒక్కో దీవికి ఒక్కోటి, వాటి మధ్య వేలు పట్టేంత జాగా వదిలి. ఎడమ వేలు నోటుబుక్కులో మనుషుల మీద అడ్డంగా నడిచింది, కుడి వేలు అవసరాల మీద కిందికి దిగింది, పడవ ఊగినప్పుడల్లా ఆగి, మళ్ళీ మొదటినుంచి. కబుంగాన్: తొమ్మిది. ఇరవై రెండు. యాభై ఐదు. మూడు. ఆ మూడు పక్కన ఐరా మే అని రాసింది, మిగతా ఇద్దరి పేర్లు కూడా రాసింది. రెండో దీవి. మూడో దీవి, ఇన్సులిన్ దగ్గర ఇంకో రెండు పేర్లు. నాలుగు. ఐదు, ఇంకో రెండు పేర్లు. ఆరో గీత దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తి వెనక్కి చూసింది. కొబ్బరి మొండేలు కూడా కనపడ్డం లేదు, నీళ్ళే ఉన్నాయి. కలం మూత పెట్టేసింది. గుతుసాన్ వరస మళ్ళీ రాయనక్కర్లేదు. అదొక్కటే మొదటినుంచీ సరిగ్గా ఉంది.